బిల్లు పాపం టీవీది కాదు

యాసంగి వడ్లు కల్లాల మీద ఉన్న రోజులు. మా బంధువుల ఇంటికి కరెంటు బిల్లు కొట్టే అబ్బాయి వచ్చి చీటీ చేతిలో పెట్టి పోయాడు. అంతకుముందు నెలనెలా సున్నా బిల్లు వచ్చే ఇల్లది. ఆసారి మాత్రం 208 యూనిట్లు కాలాయి. బిల్లు పదకొండు వందలు దాటింది. ఇంటాయన చీటీ చూసుకుని నేరుగా లోపలికి పోయి, టీవీ ముందు కూర్చున్న తల్లి మీద గయ్యిమన్నాడు.

"అమ్మా, ఇగ ఆ టీవీ బంద్ చెయ్. నీ సీరియళ్లకు నేను పదకొండు వందలు కట్టాల్నా?"

"పొద్దంతా కల్లం కాడ వడ్లు ఎండబోసి వచ్చిన బిడ్డా. రాత్రి ఇంతసేపు చూస్తే గింత బిల్లు వస్తదా?" అని అడిగిందామె.

కొడుకు జవాబు చెప్పలేదు. రిమోట్‌తో టీవీ ఆర్పి, ఆ రిమోట్‌ను అల్మారాలో పెట్టేశాడు. టీవీ ఆరింది గాని, దాని కింద సెట్‌టాప్ బాక్స్ మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. పక్క అర్రలో మనిషి లేకపోయినా ఫ్యాను తిరుగుతూనే ఉంది. వాటి జోలికి ఎవరూ పోలేదు.

ఆ తల్లి అడిగింది మంచి ప్రశ్న. టీవీ చూస్తే అంత బిల్లు వస్తుందా? ఎంత వస్తుంది? ఈ లెక్క ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఆ ఇంట్లోనే కాదు, ఎకరానికి ఎన్ని బస్తాల ఎరువు పడిందో, కూలీలకు ఎంత అయిందో నోటి మీద చెప్పే రైతులను పట్టుకుని, మీ టీవీ నెలకు ఎన్ని యూనిట్లు కాలుస్తుందని అడిగి చూడండి. పదిమందిలో ఒక్కరు చెబితే గొప్ప. లెక్క తెలియని చోట కోపం ఎవరో ఒకరి మీద పడాలి. ఇంట్లో ఆ కోపం టీవీ మీదా, దాని ముందు కూర్చునే ముసలివాళ్ల మీదా, ఆడవాళ్ల మీదా పడుతోంది. పంటల గురించి రాసే ఈ పేజీలో టీవీ ముచ్చట ఎందుకని మీరు అనుకోవచ్చు. చివరిదాకా చదవండి, లెక్క తిరిగి బాయి కాడికే వస్తుంది.

యూనిట్ అంటే ఏమిటి

వడ్లకు క్వింటాలు ఎలాగో కరెంటుకు యూనిట్ అలాగ. వెయ్యి వాట్ల సామాను గంటసేపు నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది. వంద వాట్ల బల్బు పది గంటలు వెలిగినా ఒక యూనిట్టే. లెక్క కట్టడం చాలా సులువు. సామాను వాట్లను అది నడిచిన గంటలతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. రోజు లెక్కను 30తో హెచ్చిస్తే నెల లెక్క. దీనికి నాలుగో తరగతి చదువు చాలు.

ఎన్ని వాట్లో సామాను వెనుక అతికించిన చీటీ మీదే ఉంటుంది. పాత 21 అంగుళాల డబ్బా టీవీ 70 నుంచి 100 వాట్ల దాకా తీసుకునేది. ఇప్పటి 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ సుమారు 50 వాట్లతో సరిపెట్టుకుంటుంది. 43 అంగుళాలదైతే 80 నుంచి 100, 55 అంగుళాలదైతే 120 నుంచి 160 దాకా, సెట్టును బట్టి ఉంటుంది. చీటీ మీద వేసేది ఎక్కువలో ఎక్కువ తీసుకునే కరెంటు. మామూలుగా చూసేటప్పుడు అంతకంటే తక్కువే కాలుతుంది. బొమ్మ వెలుతురు తగ్గించుకుంటే ఇంకా తగ్గుతుంది. దుకాణంలో మెరిసిపోవాలని వెలుతురు పూర్తిగా పెంచి పెడతారు. ఇంటికి తెచ్చాక కూడా చాలామంది దాన్ని అలాగే వదిలేస్తున్నారు.

కొత్త టీవీ కొనేవారు నక్షత్రాల లేబుల్ చూడాలి. 2002లో ఏర్పడిన కేంద్రప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చే లేబుల్ అది. దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతాయో అంకె వేసి ఉంటుంది. 12తో భాగిస్తే నెల లెక్క తెలుస్తుంది. అది నిర్ణీత గంటలకు కట్టిన లెక్క కాబట్టి మీ ఇంటికి అచ్చంగా సరిపోకపోవచ్చు. రెండు సెట్లు పక్కపక్కన పెట్టి ఏది నయమో తేల్చుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

మీటరును అడగండి

చీటీ చెరిగిపోయినా దిగులు లేదు. గోడకున్న మీటరే చెబుతుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన 3200 అనో 1600 అనో అంకె, దాని వెంట 'ఐఎంపీ/కేడబ్ల్యూహెచ్' అనే అక్షరాలు ఉంటాయి. ఆ దీపం అన్నిసార్లు మిణికితే ఒక యూనిట్ కాలినట్టు.

ఆ ఇంట్లో నేను చేసిన పని ఇదే. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, ఫోన్ చార్జర్లు అన్నీ ఆపేశాం. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాని ప్లగ్ కూడా తీయాలి. లేకపోతే బ్యాటరీ చార్జింగ్ లెక్కలో కలుస్తుంది. టీవీ, బాక్స్ మాత్రం నడుస్తుండగా 15 నిమిషాలు గడియారం పెట్టుకుని లెక్కిస్తే దీపం 48 సార్లు మిణికింది. అంటే గంటకు 192. వాళ్ల మీటరు 3200 మీటరు. 192ను 3200తో భాగిస్తే గంటకు 0.06 యూనిట్. మన భాషలో 60 వాట్లు.

తర్వాత ఆ కొడుకు చేసినట్టే రిమోట్‌తో టీవీ ఆర్పి, మళ్లీ 15 నిమిషాలు లెక్కపెట్టాం. దీపం ఆగిపోతుందని అందరూ అనుకున్నారు. ఆగలేదు. 8 సార్లు మిణికింది. అంటే 10 వాట్లు కాలుతూనే ఉంది. ఆ పది వాట్లు సెట్‌టాప్ బాక్స్‌వి. రిమోట్‌తో ఆర్పినా చాలా బాక్సులు లోపల మేల్కొనే ఉంటాయి. గోడ స్విచ్ తీస్తేనే అవి పడుకుంటాయి.

ఇప్పుడు లెక్క చూడండి. ఆమె రోజుకు 4 గంటలు టీవీ చూస్తుంది. 60 వాట్ల చొప్పున నెలకు 7.2 యూనిట్లు. ఎవరూ చూడని మిగతా 20 గంటలూ బాక్స్ 10 వాట్ల చొప్పున కాలుస్తుంది. దానికి నెలకు 6 యూనిట్లు. చూసినందుకు ఏడు, చూడనందుకు ఆరు! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, ఈ దొంగను గోడ మీటరు పావుగంటలో పట్టించింది.

డబ్బు లెక్కలో చూద్దాం. తెలంగాణలో 2022-23లో నిర్ణయించిన ఇంటి కరెంటు రేట్ల ప్రకారం, నెలకు 101 నుంచి 200 యూనిట్ల మధ్య వాడే ఇంట్లో వంద దాటిన ఒక్కో యూనిట్‌కు 4 రూపాయల 80 పైసలు. టీవీ లెక్క కట్టేటప్పుడు సగటు రేటు కాకుండా, మీ ఇల్లు చేరిన పై మెట్టు రేటే వేసుకోవాలి. ఎందుకంటే మీరు ఆదా చేసే యూనిట్ ఆ పై మెట్టు మీదిదే. ఆ చొప్పున ఆమె చూసే 4 గంటల టీవీకి నెలకు 34 రూపాయల 56 పైసలు. రోజుకు రూపాయి పదిహేను పైసలు. టీ తాగినంత ఖర్చు కూడా కాదు. అదే 2019లో ట్రాయ్ వంద చానెళ్లకు పెట్టిన నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, 18 శాతం పన్ను కలిపితే 153 రూపాయల 40 పైసలు. అంటే కరెంటు కంటే చానెళ్ల రీచార్జికే నాలుగు రెట్లకు పైగా పోయింది. రీచార్జి మాత్రం ఎవరికీ నొప్పి పుట్టించదు. కరెంటు చీటీ చూస్తేనే ఒళ్లు మండుతుంది.

208 యూనిట్లు ఎక్కడ పోయాయి

మరి ఆ ఇంట్లో 208 ఎలా కాలాయి? కాగితం, పెన్ను తీసుకుని ఇంటిల్లిపాదిమీ కూర్చుని రాశాం. మూడు పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు. ఎండాకాలం కదా, ఒక్కోటి రోజుకు 14 గంటల చొప్పున తిరిగింది. నెలకు 94న్నర యూనిట్లు. పాత ఫ్రిజ్ రోజుకు యూనిట్‌న్నర చొప్పున 45. కూలర్ 200 వాట్లు, 6 గంటల చొప్పున 36. ఇంటి బోరుకున్న 1 హెచ్.పి. మోటరు రోజుకు 20 నిమిషాలు నడిస్తే నెలకు 10. నాలుగు ఎల్‌ఈడీ బల్బులకు 5.4. మిక్సీ, ఇస్త్రీ పెట్టెకు 4. టీవీ, బాక్స్ కలిసి 13.2. అన్నీ కూడితే 208 తేలింది.

సగానికి దగ్గరగా మింగింది ఫ్యాన్లు. వాటిని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఫ్యాను నెత్తి మీద ఉంటుంది, మాట్లాడదు. ఫ్రిజ్ మూలన ఉంటుంది, అదీ మాట్లాడదు. టీవీ మాట్లాడుతుంది, మెరుస్తుంది, అందరి కళ్లకూ కనబడుతుంది. అందుకే నింద దాని మీద పడుతుంది.

చలికాలంలో నీళ్ల హీటర్ కథ కూడా ఇంతే. 1500 వాట్ల హీటర్ రోజుకు అరగంట పెడితే నెలకు 22న్నర యూనిట్లు. ఆమె మూడు నెలల టీవీ ఆ బకెట్టులోనే వేడెక్కిపోతుంది.

ఒక్క గీత, వెయ్యి రూపాయలు

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. టీవీ కరెంటు కొంచెమే కదా అని వదిలేయడానికీ లేదు. 2024 మార్చి నుంచి మన రాష్ట్రంలో గృహజ్యోతి కింద తెల్లకార్డు ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఉచితం. ఆ గీత దాటితే మాత్రం మొత్తం బిల్లు కట్టాలి. 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020 రూపాయలు, ఆ పైన ఒక్కో యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. 208 యూనిట్లకు కరెంటు చార్జీయే 1,081 రూపాయల 60 పైసలు. మిగతా చార్జీలు అదనం. అంటే 200 దగ్గర సున్నా, 201 దగ్గర వెయ్యికి పైన. ఆ ఒక్క యూనిట్ ధర బస్తా యూరియా ధరకు మూడింతలు మించి పోయింది.

కార్డు లేని ఇళ్లకూ వంద దగ్గర ఇలాంటి గీతే ఉంది. సరిగ్గా 100 యూనిట్లు కాలిస్తే కరెంటు చార్జీ 252 రూపాయల 50 పైసలు. 101 కాలిస్తే 344 రూపాయల 80 పైసలు. ఒక్క యూనిట్‌కు 92 రూపాయలు!

ఆ ఇంటి లెక్కకే వద్దాం. కొడుకు చేసినట్టు రిమోట్‌తో టీవీ ఆర్పి, నెలంతా అసలు చూడకుండా ఉన్నా తగ్గేది 6 యూనిట్లే. 202 దగ్గర ఆగుతుంది. గీత దాటినట్టే, బిల్లు వచ్చినట్టే. తల్లి సంతోషమూ పోయింది, డబ్బూ పోయింది. టీవీ, బాక్స్ రెండింటి వైర్లూ పీకి మూలన పడేస్తే 195కు దిగుతుంది, అది ఒప్పుకుంటాను. అయితే అంత శిక్ష అక్కర లేదు. ఆమె టీవీ ఆమె చూసుకుంటుంది. చూడని 20 గంటలు బాక్స్‌కు గోడ స్విచ్ తీసేస్తే 6 యూనిట్లు మిగులుతాయి. మనిషి లేని అర్రలో ఫ్యాను రోజుకు 4 గంటలు ఆపితే 9 మిగులుతాయి. 193 దగ్గర ఆగి మళ్లీ సున్నా బిల్లు వస్తుంది. ఒక పాత ఫ్యాను తీసి 30 వాట్ల కొత్త రకం పెట్టుకుంటే దానిమీదే నెలకు 19 యూనిట్ల దాకా మిగులుతాయి.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. 200 దాటితే మొత్తం మీద బిల్లు వేయడం పేద ఇంటికి న్యాయం కాదు. ఎండ ముదిరి, పిల్లలకు జ్వరం వచ్చి, నాలుగు రాత్రులు కూలర్ ఎక్కువ నడిస్తే వెయ్యి రూపాయల జరిమానా కట్టినట్టవుతోంది. 200 దాటిన యూనిట్లకు మాత్రమే డబ్బు తీసుకోవాలి. ఆ పైన రేటు కొంచెం ఎక్కువ వేసినా జనం ఒప్పుకుంటారు. గట్టు తెగినట్టు ఒక్కసారిగా మీద పడటమే బాధ. రీడింగ్ తీసే పద్ధతిలో కూడా జాగ్రత్త కావాలి. చీటీ మీద పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ రెండూ ఉంటాయి. మధ్యలో ఎన్ని రోజులో లెక్కపెట్టుకోండి. రోజులు ఎక్కువైతే యూనిట్లూ ఎక్కువవుతాయి. తేడా కనబడితే ఊరుకోకుండా అడగాలి.

ఇక బాయి కాడికి

ఈ లెక్కంతా విన్నాక ఆ ఇంటాయన నవ్వి, "నిజమే అన్నా, అమ్మను ఉత్తగనే అన్న" అన్నాడు. అక్కడితో ఆగకుండా నేను ఇంకో లెక్క అడిగాను. ఆయన పొలంలో 5 హెచ్.పి. మోటరు ఉంది. ఒక హెచ్.పి. అంటే 746 వాట్లు. మోటరు లోపలి నష్టాలు కలుపుకుంటే 5 హెచ్.పి. మోటరు గంటకు నాలుగున్నర యూనిట్లకు తక్కువ కాకుండా లాగుతుంది. అంటే ఒక గంట మోటరు నడిచిన కరెంటుతో వాళ్లమ్మ టీవీ, బాక్స్ కలిపి 75 గంటలు నడుస్తాయి. ఆమె చూసే చొప్పున 18 రోజులు దాటుతుంది.

మడి నిండాక కూడా ఆటోస్టార్టర్ పెట్టి వదిలేస్తే, రాత్రి 8 గంటలు ఉత్తగనే నడిచిన మోటరు 36 యూనిట్లు కాలుస్తుంది. నీళ్లు గట్టు దాటి తూములో కలుస్తాయి. ఆ ఒక్క రాత్రి వృథా అయిన కరెంటు ఆమె చూసే టీవీకి అయిదు నెలలు వస్తుంది. తల్లి చేతిలో రిమోట్ లాక్కున్న చెయ్యే ఆటోస్టార్టర్‌ను తిప్పి వచ్చింది. ఇది విన్నాక ఆయన నవ్వలేదు.

రైతును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మనకు యూనిట్ తెలియకుండా పోవడానికి కారణం ఉంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం వ్యవసాయ మోటర్లకు ఏడాదికి హెచ్.పి.కి 50 రూపాయల చొప్పున స్లాబు పెట్టింది. అప్పటినుంచి మనకు హెచ్.పి. తెలుసు, యూనిట్ తెలియదు. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఉచితం చేశాక ఆ హెచ్.పి. లెక్క కూడా అక్కర లేకపోయింది. ఆటోస్టార్టర్ కూడా సోమరితనంతో వచ్చింది కాదు. కరెంటు అర్ధరాత్రి వచ్చి తెల్లారేలోపు పోయే రోజుల్లో, పాముకాటుకూ షాక్‌కూ భయపడి పెట్టుకున్నది. ఎందరో రైతులు ఆ రాత్రుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2018 జనవరి 1న 24 గంటల ఉచిత సరఫరా మొదలుపెట్టే ముందు ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది. తీసినవాళ్లు తీశారు, పెట్టినవాళ్లు మళ్లీ పెట్టారు.

వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉండాల్సిందే. అది లేకపోతే బోరు మీద బతికే చిన్న రైతు నిలబడలేడు. ఉచితం కాబట్టి లెక్క వద్దనుకోవడమే తప్పు. కరెంటుకు బిల్లు రాకపోయినా భూమిలో నీళ్లకు బిల్లు వస్తుంది. బోరు ఎండితే కొత్త బోరు వేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడి కాలితే అది బాగై వచ్చేదాకా పొలం ఎండాలి. ఓల్టేజీ పడిపోతే మోటరు వైండింగ్ కాలి మెకానిక్‌కు వేలు పోయాలి. ఇవన్నీ చీటీ మీద రావు గాని, కట్టేది మనమే.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. ఈ ఆదివారం ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి మీటరు దీపం లెక్కపెట్టించండి. ఏ సామాను ఎంతో కాగితం మీద రాసి మీటరు పక్కన అతికించండి. నెలలో పదిహేనో రోజున రీడింగ్ చూసుకుని వంద దాటిందో లేదో సరిచూసుకోండి. మహిళా సంఘాల సమావేశాల్లో లైన్‌మెన్లను పిలిపించి ఈ లెక్క చెప్పించాలి. అదే కాగితం కింద మోటరు ఎన్ని గంటలు నడిచిందో కూడా ఒక వరుస రాయండి. ఇంట్లో నేర్చిన యూనిట్ పొలం దాకా నడవాలి.

పొద్దంతా మట్టిలో, ఎండలో కష్టపడి వచ్చిన తల్లి రాత్రి నాలుగు గంటలు టీవీ చూస్తే అయ్యేది రూపాయి పదిహేను పైసలు. ఆ రూపాయి కోసం ఆమె మీద గొంతు లేపే ముందు ఎవరైనా సరే, మీటరు దగ్గర ఒక్క పావుగంట నిలబడి రావాలి. ఆ ఇంట్లో రిమోట్ అల్మారాలోంచి బయటికి వచ్చింది. బాక్స్‌కు వేరే స్విచ్ పెట్టించారు. పొలంలో ఆటోస్టార్టర్ సంగతి ఏమైందో వచ్చే యాసంగికి పోయి చూసి చెబుతాను.